ఇంటి ఆడియో పరికరాలకు రెసిస్టర్ల ఎంపిక: విలువ లెక్క నుంచి చివరి పరీక్ష దాకా

ఇంట్లో ప్రీయాంపో (వాల్యూమ్ సవరించి సిగ్నల్‌ను సిద్ధంచేసే యాంప్లిఫయర్) పవర్ యాంపో (స్పీకర్‌ను నడిపే యాంప్లిఫయర్) కట్టుకునేవారు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: ఏ కంపెనీ రెసిస్టర్ వేస్తే ధ్వని బాగుంటుంది? రెసిస్టర్ సర్క్యూట్‌లో ఎక్కడ ఉంది, దాని విలువ ఎంత, దాని మీద ఎంత వోల్టేజీ నిలుస్తుంది అనే మూడు సంగతులు తేలిన తరువాతే రకం గురించి మాట్లాడడానికి వీలవుతుంది. రకం కూడా తేలిన తరువాత కంపెనీ పేరుకు మిగిలే పని చాలా స్వల్పం. అందువల్ల ఈ మార్గదర్శిలో ఆ వరుసనే పాటిస్తున్నాను.

చర్చ గాలిలో తేలకుండా ఉండడానికి ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా వాడుతున్నాను. అది ఎన్‌ఈ 5532 అనే ఆప్‌యాంప్‌తో (సిగ్నల్‌ను పెంచే ఐసీతో), ప్లస్ మైనస్ 15 వోల్టుల సరఫరాతో పనిచేసే స్టీరియో ప్రీయాంప్. ముందు వాల్యూమ్ పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్), తరువాత 3.2 రెట్ల గెయిన్ (సిగ్నల్ పెంపు), అంటే సుమారు 10 డెసిబెల్స్ ఇచ్చే, సిగ్నల్‌ను తలకిందులు చేయని నాన్ ఇన్వర్టింగ్ దశ, దాని వెనుక పవర్ యాంప్ ఉంటాయి. 1,000 ఓంలను 1 కె అని రాస్తున్నాను.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పనిముట్లు ఖరీదైనవి కానక్కరలేదు. అయితే మల్టీమీటర్ 10 కె రెసిస్టర్‌ను 10.00 అని రెండు దశాంశాల వరకు చూపగలిగితే జతలు కట్టే పని సులభమవుతుంది.

- రెండు దశాంశాలు చూపే మల్టీమీటర్, మొసలి క్లిప్పులున్న ప్రోబ్ వైర్లు
- ఉష్ణోగ్రత మార్చుకోగలిగే సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్
- లైన్ ఇన్‌పుట్ ఉన్న సౌండ్ కార్డు, కొలతలకు ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ వంటి సాఫ్ట్‌వేర్
- మెయిన్స్‌కు సిరీస్‌లో పెట్టుకునే పాత తరహా ఫిలమెంట్ బల్బు
- కాగితం మీద పెద్దగా ముద్రించుకున్న సర్క్యూట్ పటం, మూడు రంగుల పెన్నులు

ఈ జాబితాలో అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది చివరిదే.

2. పటం మీద రెసిస్టర్లను వేరుచేయడం

ఏ రెసిస్టర్ ధ్వనిని ప్రభావితం చేయగలదో, ఏది చేయలేదో కొనడానికి ముందే తేల్చుకోవాలి. సర్క్యూట్‌లోని ప్రతి రెసిస్టర్‌కూ ఒకే ప్రాధాన్యం ఇచ్చేవారు ఎల్‌ఈడీ ముందున్న రెసిస్టర్‌కు కూడా విదేశీ సరుకు తెప్పించుకుంటారు.

ఎర్ర పెన్నుతో గుర్తించవలసినవి: సిగ్నల్ నేరుగా దాటే రెసిస్టర్లు, ఫీడ్‌బ్యాక్ జత (ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని ఇన్‌పుట్‌కు తిరిగి పంపి గెయిన్‌ను నిర్ణయించే రెండు రెసిస్టర్లు), ఆప్‌యాంప్ ఇన్‌పుట్ కాళ్లకు తగిలే ప్రతి రెసిస్టర్. నాయిస్ (సిగ్నల్‌లో చేరే అనవసర శబ్దం) విషయంలో జాగ్రత్త పడవలసినవి ఇవే.

నీలం పెన్నుతో గుర్తించవలసినవి: సిగ్నల్‌కు దగ్గరగా ఉంటూ తమ మీద స్థిరమైన డీసీ వోల్టేజీ నిలిచే రెసిస్టర్లు. ట్రాన్సిస్టర్ కలెక్టర్ లోడు, బేస్ బయాస్ విభాజకం (వోల్టేజీని పంచే రెసిస్టర్ల జత), వాల్వు (గాజు ట్యూబ్) సర్క్యూట్‌లో ప్లేట్ లోడు, ఒకే సరఫరాతో నడిచే సర్క్యూట్‌లో సగం వోల్టేజీ తయారుచేసే రెండు రెసిస్టర్లు ఈ కోవలోకి వస్తాయి.

ఆకుపచ్చ పెన్నుతో గుర్తించవలసినవి: వేడెక్కేవి. పవర్ యాంప్‌లో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ కాళ్లకు వేసే ఎమిటర్ రెసిస్టర్లు, ఔట్‌పుట్ నుంచి గ్రౌండుకు కెపాసిటర్‌తో పాటు వేసే జోబెల్ రెసిస్టర్, బాస్‌నూ ట్రెబుల్‌నూ వేర్వేరు స్పీకర్లకు పంచే క్రాసోవర్‌లోని రెసిస్టర్లు ఇందులో ఉంటాయి.

గుర్తు పడనివి ఎల్‌ఈడీ రెసిస్టర్లు, రిలే డ్రైవర్ రెసిస్టర్లు, సరఫరా కెపాసిటర్లను ఖాళీచేసే బ్లీడర్లు వంటివి. వాటికి వాటేజీ, వోల్టేజీ పరిమితి సరిపోతే చాలు, డబ్బాలో ఏది ఉంటే అది వేయవచ్చు.

3. విలువలు లెక్కించడం

రెసిస్టర్ ఎంపికలో ధ్వనికి సంబంధించిన ఫలితం ఎక్కువగా తేలేది ఈ దశలోనే. చాలామంది దీన్ని దాటవేసి నేరుగా నాలుగో దశకు పోతారు, కనుక ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ప్రతి రెసిస్టర్, దాన్ని ఏ కంపెనీ చేసినా, ఏ పదార్థంతో చేసినా, తన విలువకూ ఉష్ణోగ్రతకూ తగినంత ఉష్ణ నాయిస్‌ను పుట్టిస్తుంది. గది ఉష్ణోగ్రతలో, 20 కిలోహెర్ట్జ్ పరిధిలో 1 కె రెసిస్టర్ నుంచి సుమారు 0.57 మైక్రోవోల్టులు, 10 కె నుంచి 1.8, 100 కె నుంచి 5.7, 1 మెగాఓం నుంచి 18 మైక్రోవోల్టులు వస్తాయి. విలువ వంద రెట్లు పెరిగితే నాయిస్ పది రెట్లు పెరుగుతుంది. బంగారు పూత వేసిన కాళ్లున్నా ఈ లెక్క మారదు.

మన ప్రీయాంప్‌లో గెయిన్‌ను నిర్ణయించేది ఫీడ్‌బ్యాక్ జత నిష్పత్తి మాత్రమే. 2.2 కె, 1 కె వేసినా, 220 కె, 100 కె వేసినా గెయిన్ అదే 3.2 వస్తుంది, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ కూడా కాగితం మీద ఒకేలా కనిపిస్తుంది. కానీ ఆప్‌యాంప్ ఇన్వర్టింగ్ కాలికి (ఫీడ్‌బ్యాక్ వచ్చి చేరే ఇన్‌పుట్‌కు) ఆ రెండు రెసిస్టర్లూ పారలల్‌గా, అంటే పక్కపక్కన కలిపినట్టు, కనిపిస్తాయి: మొదటి జత 687 ఓంలుగా, రెండో జత దాదాపు 69 కెగా.

ఇక్కడ మరొక అంశం చేరుతుంది. ఎన్‌ఈ 5532కు ఆడియో పరిధిలో సుమారు 0.7 మైక్రోవోల్టుల వోల్టేజీ నాయిస్‌తో పాటు కరెంటు నాయిస్ కూడా ఉంది. ఆ కరెంటు నాయిస్ ఏ రెసిస్టెన్స్ గుండా పోతే దాని మీద వోల్టేజీగా మారుతుంది. 687 ఓంల మీద అది లెక్కలోకి రాదు, 69 కె మీద మాత్రం దాదాపు 6.8 మైక్రోవోల్టులు అవుతుంది.

వాల్యూమ్‌ను సున్నాకు తిప్పి అన్నిటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే మొదటి జతతో ఇన్‌పుట్ వద్ద 0.86 మైక్రోవోల్టులు, రెండో జతతో 8.3 మైక్రోవోల్టులు వస్తాయి. తేడా దాదాపు 20 డెసిబెల్స్. వెనుక 33 రెట్ల గెయిన్ ఉన్న పవర్ యాంప్ ఉంటే రెండో జత వల్ల స్పీకర్ దగ్గరికి చేరే నాయిస్ సుమారు 0.9 మిల్లీవోల్టులు. 2.83 వోల్టులకు 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ ఆ నాయిస్‌ను మీటరు దూరంలో 20 డెసిబెల్స్‌గా వినిపిస్తుంది. రాత్రి ఫ్యాను ఆపిన గదిలో సన్నని సుయ్‌మనే శబ్దంగా అది తెలుస్తుంది. మొదటి జతతో అదే లెక్క దాదాపు సున్నా డెసిబెల్స్‌కు దిగుతుంది. రెసిస్టర్ రకం మార్చి ఇంత తేడా తేవడం ఈ స్థానంలో సాధ్యం కాదు.

అయితే ఎంత తగ్గిస్తే అంత మంచిదా? కాదు. 220 ఓంలు, 100 ఓంలు వేస్తే ఆప్‌యాంప్ తన ఫీడ్‌బ్యాక్ జతకే 320 ఓంల లోడును నడపవలసి వస్తుంది. 5 వోల్టుల ఔట్‌పుట్ వద్ద 15 మిల్లీఆంపియర్లకు పైగా అక్కడే ఖర్చవుతుంది. ఎన్‌ఈ 5532 స్పెసిఫికేషన్లు 600 ఓంల లోడుకు ఇచ్చినవి, అంతకంటే తగ్గితే డిస్టార్షన్ (సిగ్నల్ ఆకారం చెడడం) పెరుగుతుంది. మరొక ఆప్‌యాంప్ టీఎల్ 072 అయితే 2 కె కంటే తక్కువ లోడును ఇష్టపడదు. దానికి 10 కె, 4.7 కె జత వేయాలి. దాని సొంత వోల్టేజీ నాయిస్ ఆడియో పరిధిలో 2.5 మైక్రోవోల్టుల దాకా ఉంటుంది గనుక ఆ జత చేర్చే ఒక మైక్రోవోల్టు అక్కడ పెద్దగా బయటపడదు.

పెద్ద విలువలకు ఇంకొక దోషం ఉంది. ఇన్వర్టింగ్ కాలి దగ్గర పీసీబీ, ఐసీ కాలు కలిసి 10 పికోఫారడ్ల కెపాసిటెన్స్ సులభంగా చేరుతుంది. 69 కెతో కలిసి అది 230 కిలోహెర్ట్జ్ దగ్గర ఫేజ్‌ను వెనక్కు లాగి, ఆప్‌యాంప్‌ను ఆసిలేషన్ (సిగ్నల్ లేకున్నా తనంతట తానే ఊగడం) అంచుకు తెస్తుంది. ఆసిలేషన్ చెవికి నేరుగా వినిపించదు, ట్రెబుల్ గరుకుగా ఉందని మాత్రం అనిపిస్తుంది. ఆ గరుకుదనాన్ని రెసిస్టర్ కంపెనీకి అంటగట్టి, అన్నీ పీకి మళ్లీ వేసినవారిని నేను చూశాను.

వాల్యూమ్ పాట్ కూడా రెసిస్టరే, పైగా ఇంటి యాంప్‌లలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యే రెసిస్టర్. పాట్ మధ్య స్థానంలో ఉన్నప్పుడు దాని ఔట్‌పుట్ రెసిస్టెన్స్ మొత్తం విలువలో నాలుగో వంతుకు చేరుతుంది: 10 కె పాట్‌కు 2.5 కె, 100 కె పాట్‌కు 25 కె. ఆప్‌యాంప్ ఏదీ లేకుండా 100 కె పాట్‌ను మాత్రమే డబ్బాలో పెట్టి, దాని నుంచి మూడు మీటర్ల కేబుల్ లాగితే, మీటరుకు 100 పికోఫారడ్ల చొప్పున 300 పికోఫారడ్లు చేరి 21 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పడిపోతుంది. ఫోన్, డాక్ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పరికరం) వంటి ఇప్పటి సోర్సులు 10 కె పాట్‌ను తేలికగా నడుపుతాయి. పాత వాల్వు పరికరాలకు మాత్రం 47 కె గానీ అంతకంటే ఎక్కువ గానీ కావాలి.

పాట్ తరువాత 2.2 మైక్రోఫారడ్ల ఫిల్మ్ కెపాసిటర్, ఆ పైన ఆప్‌యాంప్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు 47 కె రెసిస్టర్ వేయాలి. కెపాసిటర్ లేకపోతే ఎన్‌ఈ 5532 ఇన్‌పుట్ బయాస్ కరెంటు (ఇన్‌పుట్ కాలిలో ఎప్పుడూ పారే చిన్న డీసీ కరెంటు) పాట్ గుండా పోయి, తిప్పినప్పుడల్లా కరకరమంటుంది. ఇక్కడ 47 కె ఉంది కదా, నాయిస్ రాదా అని అనుమానం రావడం సహజం. ఆడియో ఫ్రీక్వెన్సీల వద్ద ఆ కెపాసిటర్ గుండా పాట్ తక్కువ రెసిస్టెన్స్ దానికి పారలల్‌గా నిలుస్తుంది కనుక 47 కె నాయిస్‌లో ఎక్కువ భాగం అక్కడే అణగిపోతుంది. పటంలో రాసిన అంకె కంటే ఆ స్థానం నుంచి చూస్తే కనబడే మొత్తం రెసిస్టెన్స్ ముఖ్యమని దీని నుంచి గ్రహించాలి.

ఆ 47 కె మీద బయాస్ కరెంటు వల్ల సుమారు 10 మిల్లీవోల్టుల డీసీ నిలుస్తుంది. అది 3.2 రెట్లు పెరగకుండా ఫీడ్‌బ్యాక్ జతలోని 1 కె కింద 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేయాలి.

విలువల తనిఖీ:

- ఫీడ్‌బ్యాక్ జత పారలల్ విలువ ఎన్‌ఈ 5532కు 1 కె లోపల, టీఎల్ 072కు 5 కె లోపల ఉందా?
- జత మొత్తం విలువ ఆప్‌యాంప్ నడపగలిగిన లోడు కంటే ఎక్కువగా ఉందా?
- ఔట్‌పుట్‌లో కేబుల్ కెపాసిటెన్స్‌ను ఆప్‌యాంప్ నుంచి విడదీసే 100 ఓంల సిరీస్ రెసిస్టర్ ఉందా?
- ఔట్‌పుట్ కెపాసిటర్ తరువాత గ్రౌండుకు 100 కె ఉందా? లేకపోతే కేబుల్ పెట్టినప్పుడు టప్‌మంటుంది.

4. రకాన్ని ఎంచుకోవడం

తన మీద డీసీ వోల్టేజీ నిలిచిన రెసిస్టర్ ఉష్ణ నాయిస్‌కు తోడు మరొక నాయిస్‌ను పుట్టిస్తుంది. దాన్ని అదనపు నాయిస్ అందాం. అది వోల్టేజీతో పాటు పెరుగుతుంది, తక్కువ ఫ్రీక్వెన్సీల వైపు ఎక్కువగా ఉంటుంది, పదార్థాన్ని బట్టి బాగా మారుతుంది. అందుకే నీలం గుర్తున్న స్థానాల్లో రకానికి నిజమైన విలువ ఉంది.

కార్బన్ కాంపొజిషన్ రెసిస్టర్ కార్బన్ పొడిని జిగురుతో కలిపి నొక్కి చేసినది. వోల్టుకు, ఫ్రీక్వెన్సీలో ప్రతి పది రెట్ల పరిధికి ఒక మైక్రోవోల్టు చొప్పున నాయిస్ ఇచ్చే రెసిస్టర్‌ను 12 వోల్టుల సరఫరాను సగం చేసే విభాజకంలో వేశారనుకుందాం. దాని మీద 6 వోల్టులు నిలుస్తాయి. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు అలాంటి పరిధులు మూడు ఉన్నాయి గనుక మొత్తం పది మైక్రోవోల్టులకు పైగా వస్తుంది. అదే చోట మంచి మెటల్ ఫిల్మ్ వేస్తే అందులో చిన్న భాగం మాత్రమే మిగులుతుంది. కాళ్ల దగ్గర బూజు పట్టినట్టున్న పాత సరుకును వింటేజ్ అని అమ్మే దుకాణాల వైపు పోనవసరం లేదు.

కార్బన్ కాంపొజిషన్ వెచ్చగా పలుకుతుందన్న మాటలో కొంత నిజం ఉంది, కానీ అది వేరే చోటి నిజం. దాని విలువ తన మీది వోల్టేజీతో పాటు కొద్దిగా మారుతుంది. గిటార్ వాల్వు యాంప్‌లో 100 కె ప్లేట్ లోడు మీద పదుల వోల్టుల సిగ్నల్ ఊగినప్పుడు ఆ మార్పు కొలవదగిన హార్మోనిక్ డిస్టార్షన్‌గా (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడు రెట్లు వంటి కొత్త స్వరాలు చేరడంగా) బయటపడుతుంది, కొందరు వాద్యకారులకు అది నచ్చుతుంది. మన ప్రీయాంప్ ఫీడ్‌బ్యాక్‌లో రెండు మూడు వోల్టులకు మించి ఊగదు కనుక ఆ వెచ్చదనం రాదు, నాయిస్, విలువ జారిపోవడం మాత్రం వస్తాయి.

కార్బన్ ఫిల్మ్, అంటే దుకాణాల్లో సీఎఫ్‌ఆర్ అని పిలిచే లేత గోధుమ రంగువి, సాధారణంగా 5 శాతం టాలరెన్స్‌తో (రాసిన విలువకు అటూ ఇటూ ఉండగల తేడాతో) దొరుకుతాయి. గుర్తు పడని స్థానాలకు ఇవి చాలు. మెటల్ ఫిల్మ్, అంటే ఎంఎఫ్‌ఆర్ అని అడిగితే ఇచ్చే నీలం రంగువి, 1 శాతం టాలరెన్స్‌తో, తక్కువ ఉష్ణ గుణకంతో, అంటే వేడికి విలువ తక్కువగా మారేలా, వస్తాయి. ఎర్ర, నీలం గుర్తులున్న స్థానాలన్నిటికీ ఇవే వేయాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఇంతకంటే ఖరీదైన ఫాయిల్ రెసిస్టర్ల వల్ల కొలత గది పరికరాలకు లాభం ఉంది గానీ, ఇంటి ప్రీయాంప్‌లో ఆ డబ్బు మంచి వాల్యూమ్ పాట్ మీద పెట్టడం మేలు.

ఉపరితలంపై అతికించే చిన్న ఎస్‌ఎండీ రెసిస్టర్లలో చౌకగా దొరికేవి ఎక్కువగా థిక్ ఫిల్మ్ రకం. వాటికి అదనపు నాయిస్, వోల్టేజీతో విలువ మారే గుణం రెండూ ఎక్కువ. ఎర్ర, నీలం గుర్తుల చోట థిన్ ఫిల్మ్ అని స్పష్టంగా రాసినవే కొనాలి.

వేడెక్కే స్థానాల్లో లెక్క వేరు. 8 ఓంలకు 100 వాట్లు ఇచ్చే పవర్ యాంప్ ఔట్‌పుట్ 28 వోల్టులు. ఫీడ్‌బ్యాక్‌లో 22 కె ఉంటే అందులో 33 మిల్లీవాట్లు మాత్రమే ఖర్చవుతాయి, పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది. నాయిస్ తగ్గుతుందని దాన్ని 4.7 కెకు దించితే 150 మిల్లీవాట్లు దాటుతాయి. అప్పుడు బాస్ సిగ్నల్ ప్రతి ఊపుకూ రెసిస్టర్ వేడెక్కి చల్లారుతూ, తన విలువను సిగ్నల్‌తో పాటే మార్చుకుంటుంది. ఫలితం మూడో హార్మోనిక్ డిస్టార్షన్. దీనికి మందు పెద్ద వాటేజీ, లేదా రెండు రెసిస్టర్లను సిరీస్‌లో వేయడం.

జోబెల్‌లోని 10 ఓంల రెసిస్టర్‌కు 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ వాడాలి. 100 నానోఫారడ్లతో కలిసి, 20 వోల్టుల 20 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌కే అది 0.6 వాట్లు మింగుతుంది. ఎమిటర్లకు 0.22 ఓంల, 5 వాట్ల తెల్ల సిమెంట్ వైర్‌వౌండ్ (తీగ చుట్టి చేసిన రకం) సరిపోతుంది. క్రాసోవర్‌లో వైర్‌వౌండ్ ఇండక్టెన్స్ గురించి భయపడేవారికి ఒక లెక్క: ఒక మైక్రోహెన్రీ ఉన్నా 20 కిలోహెర్ట్జ్ వద్ద అది 0.13 ఓంల రియాక్టెన్స్ మాత్రమే, 8 ఓంల పక్కన దాని జాడ కనిపించదు.

వాల్వు యాంప్ కట్టేవారు వాటేజీతో పాటు వోల్టేజీ పరిమితిని కూడా చూడాలి. పావు వాట్ రెసిస్టర్లలో అధిక భాగం 250 వోల్టుల వరకే. 400 వోల్టుల సరఫరా మీద 1 మెగాఓం వేస్తే 160 మిల్లీవాట్లే కదా అని వదిలేస్తే, వాటేజీ సరిపోయినా వోల్టేజీ తట్టుకోలేక పోతుంది. రెండింటిని సిరీస్‌లో వేయడం సులభమైన మార్గం.

5. కొనడం, కొలవడం, జతలు కట్టడం

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నా, ఒక్కొక్క విలువకు అవసరమైన దానికంటే పదో ఇరవయ్యో ఎక్కువ తీసుకోండి. జతలు ఏరుకోవడానికి అవే పనికివస్తాయి. ఒకే టేపు నుంచి కత్తిరించిన రెసిస్టర్లు తరచుగా ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి.

ఐదు రంగు పట్టీల రెసిస్టర్లను రంగులు చూసి మాత్రమే వేయవద్దు. గోధుమ, నలుపు, నలుపు, గోధుమ, గోధుమ అంటే 1 కె. అదే రెసిస్టర్‌ను తిప్పి పట్టుకుంటే గోధుమ, గోధుమ, నలుపు, నలుపు, గోధుమ, అంటే 110 ఓంలు. రెండూ చెల్లుబాటయ్యే విలువలే! ఒకసారి ఒక దుకాణంలో నాకు ఇచ్చిన 1 కె పొట్లంలో నాలుగైదు 110 ఓంలవి కలిసిపోయాయి. కొలవకుండా వేశాను. ఎడమ ఛానల్ గెయిన్ 3.2 బదులు 21 అయి, పాట పెట్టగానే ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. పొట్లం దుకాణంవాళ్లది, కొలవని తప్పు నాది.

కొలిచే విధానం:

- రెండు కాళ్లనూ వేళ్లతో పట్టుకోవద్దు. 1 మెగాఓం కొలిచేటప్పుడు ఒంటి రెసిస్టెన్స్ పారలల్‌గా చేరి తక్కువ చూపుతుంది.
- 10 ఓంల లోపు విలువలకు ముందు ప్రోబులు కలిపి వైర్ల రెసిస్టెన్స్ చూసి తీసివేయండి.
- 0.22 ఓంలను ఓం రేంజిలో కొలవవద్దు. ఒక ఆంపియర్ పంపి వోల్టేజీ చూడండి, 220 మిల్లీవోల్టులు రావాలి.

జతల అవసరం ఎక్కడ? స్టీరియోలో రెండు ఛానళ్ల ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లకు ఉంది. 5 శాతం రెసిస్టర్లతో ఎక్కువ గెయిన్ ఉన్న దశలో రెండు ఛానళ్ల మధ్య తేడా చెడ్డ సందర్భంలో 1.7 డెసిబెల్స్ దాకా పోవచ్చు, గాయకుడి గొంతు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. 1 శాతంతో అది 0.35 డెసిబెల్స్. మీటరుతో ఏరి వేస్తే దాదాపు మాయమవుతుంది.

ఇంతకంటే గట్టి అవసరం బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో (సిగ్నల్‌ను రెండు వైర్ల మధ్య తేడాగా తీసుకునే ఇన్‌పుట్‌లో) ఉంది. నాలుగు 10 కె రెసిస్టర్లతో కట్టే ఆ దశ రెండు వైర్లలోనూ సమానంగా చేరిన 50 హెర్ట్జ్ హమ్‌ను కొట్టివేయాలి. 1 శాతం రెసిస్టర్లు ఎలా పడితే అలా వేస్తే ఆ కొట్టివేత 34 డెసిబెల్స్‌కే పరిమితం కావచ్చు, 0.1 శాతం లోపు ఏరితే 54 డెసిబెల్స్‌కు తగ్గదు. మీటరు చూపే అంకె నిజంగా 10.00 కె అవునా కాదా అన్నది ఇక్కడ అనవసరం. ఒకే మీటరు, ఒకే రేంజి, ఒకే పూట కొలిచి, నాలుగూ ఒకే అంకె చూపితే చాలు.

6. బోర్డు మీద అమర్చడం

వరుస ఇది: ముందు గుర్తు పడని చిన్న రెసిస్టర్లు, తరువాత ఎర్ర, నీలం గుర్తులవి, చివరికి వేడెక్కేవి. ప్రతిదాన్నీ వేసే ముందు మరొకసారి మీటరు తగిలించి, పటం మీద టిక్కు పెట్టండి.

ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఇన్వర్టింగ్ కాలికి వీలైనంత దగ్గరగా ఉండాలి. నిలువుగా నిలబెట్టి వేసేటప్పుడు రెసిస్టర్ బాడీ ఉన్న వైపు, అంటే కాలు పొట్టిగా ఉన్న వైపు, ఇన్వర్టింగ్ కాలికి రావాలి. పొడుగ్గా వంచిన కాలు ఔట్‌పుట్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే ఆ పొడుగు కాలు హమ్‌ను పట్టే ఏరియల్ అవుతుంది. అదే విధంగా ఆసిలేషన్‌ను ఆపడానికి వేసే గ్రిడ్ స్టాపర్, గేట్ స్టాపర్ రెసిస్టర్లు వాల్వు బేస్ కాలికి, మాస్‌ఫెట్ కాలికి ఆనుకునే ఉండాలి. బోర్డుకు రెండో కొసన వేస్తే వేయనట్టే.

సిమెంట్ రెసిస్టర్లను బోర్డుకు 5 మిల్లీమీటర్ల ఎత్తున నిలపండి. ఆనించి వేస్తే కొన్ని నెలల్లో బోర్డు నల్లబడుతుంది, ట్రాక్ లేస్తుంది. పక్కన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉండకుండా చూసుకోండి.

ఐరన్ 330 నుంచి 350 డిగ్రీల మధ్య పెట్టి, ఒక్కొక్క అతుకును రెండు మూడు సెకన్లలో ముగించాలి. పని ముగిశాక ఫ్లక్స్‌ను ఆల్కహాల్‌తో కడగడం మరవకండి. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతపు తేమలో, 1 మెగాఓం గ్రిడ్ లీక్ (వాల్వు ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు వేసే రెసిస్టర్) ఉన్న వాల్వు సర్క్యూట్‌లో, మిగిలిపోయిన ఫ్లక్స్ కూడా కనబడని రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుంది.

7. మొదటి పవర్, మొదటి కొలతలు

పవర్ యాంప్ అయితే మెయిన్స్‌కు సిరీస్‌లో ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరితే మంచిది. వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపాలి. స్పీకర్ ఇంకా కలపవద్దు.

- ప్రతి ఆప్‌యాంప్ ఔట్‌పుట్ కాలి మీద డీసీ కొలవండి. మన ఉదాహరణలో పదీ పదిహేను మిల్లీవోల్టులు సహజం, వోల్టుల్లో ఉంటే ఒక రెసిస్టర్ విలువ తప్పింది లేదా అతుకు పడలేదు.
- పవర్ యాంప్‌లో 0.22 ఓంల రెసిస్టర్ మీద 22 మిల్లీవోల్టులు ఉంటే నిలకడ కరెంటు (సిగ్నల్ లేనప్పుడు పారేది) 100 మిల్లీఆంపియర్లు.
- జోబెల్ రెసిస్టర్ దగ్గర వేలు పెట్టి చూడండి. సిగ్నల్ లేకుండానే వేడెక్కితే యాంప్ ఆసిలేట్ అవుతోంది.
- రెండు ఛానళ్లకూ ఒకే 1 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఇచ్చి ఔట్‌పుట్ ఏసీ వోల్టేజీలు పోల్చండి. 1 శాతం తేడా అంటే దాదాపు 0.1 డెసిబెల్.

8. చెవితో పోల్చేటప్పుడు

రెసిస్టర్ మార్చి తేడా విన్నామనేవారి మాటను నేను కొట్టిపారేయను, కానీ ముందు ఒకటి అడుగుతాను: లెవెల్ సరిచూశారా? 5 శాతం టాలరెన్స్ ఉన్న ఒక రెసిస్టర్ మారితే గెయిన్ 0.4 డెసిబెల్ దాకా మారవచ్చు. అంత చిన్న పెరుగుదల శబ్దం పెరిగినట్టు అనిపించదు, ధ్వని నిండుగా, స్పష్టంగా మారినట్టు అనిపిస్తుంది. కనుక రెండు బోర్డులనూ 0.1 డెసిబెల్ లోపు సరిచేసి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా మరొకరిచేత స్విచ్ మార్పించి వినండి. ఒకదాన్ని పీకి, అరగంట సోల్డర్ చేసి, మరొకదాన్ని వింటే అది పోలిక కాదు, అరగంట కిందటి జ్ఞాపకం.

9. లోపాలు, సవరణలు

సుయ్‌మనే శబ్దం వాల్యూమ్ సున్నాకు తెచ్చినా మారలేదు: అది పాట్ తరువాతి దశలో పుడుతోంది. ఫీడ్‌బ్యాక్ జత విలువలు పెద్దవిగా ఉన్నాయేమో చూడండి, ఉంటే అదే నిష్పత్తిలో పదో వంతుకు దించండి. పాట్ మధ్యలో ఎక్కువై రెండు కొసల్లో తగ్గితే కారణం పాట్ విలువే.

ఒకే సరఫరా సర్క్యూట్‌లో గరగరమనే తక్కువ ఫ్రీక్వెన్సీ నాయిస్: సగం వోల్టేజీ విభాజకాన్ని నేరుగా ఇన్‌పుట్‌కు కలిపి ఉంటారు. మధ్య బిందువు నుంచి గ్రౌండుకు 100 మైక్రోఫారడ్లు వేసి, అక్కడి నుంచి 47 కె ద్వారా ఇన్‌పుట్‌కు ఇవ్వండి. విభాజకంలో కార్బన్ ఉంటే మెటల్ ఫిల్మ్‌కు మార్చండి.

పాత వాల్వు పరికరంలో అప్పుడప్పుడు చిటపటలు: ప్లేట్ లోడు రెసిస్టర్లను మొదట అనుమానించండి. కార్బన్ కాంపొజిషన్ తేమకూ ఏళ్లకూ విలువ పెరిగి, 100 కె ఉండవలసింది బాగా పైకి పోతుంది. పవర్ తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో నిర్ధారించుకున్నాకే కొలవాలి. అక్కడి వోల్టేజీ ప్రాణాంతకం.

ట్రెబుల్ గరుకు, ఆప్‌యాంప్ ఊరికే వేడి: ఆసిలేషన్. ఔట్‌పుట్‌లో 100 ఓంలు ఉన్నాయా, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కాళ్లు పొడవయ్యాయా చూడండి. విలువలు తగ్గించలేని సర్క్యూట్ అయితే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కు పారలల్‌గా కొన్ని పికోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్ వేసి, 20 కిలోహెర్ట్జ్ వద్ద లెవెల్ పడిపోలేదని సౌండ్ కార్డుతో సరిచూసుకోండి.

జోబెల్ రెసిస్టర్ కాలిపోయింది: కొత్తది వేసి ఊరుకోవద్దు. 20 కిలోహెర్ట్జ్ సైన్ సిగ్నల్‌తో పూర్తి పవర్ పరీక్ష చేసి ఉంటే కారణం వాటేజీ చాలకపోవడమే, 2 వాట్లది వేయండి. పాటలు మాత్రమే వింటూ ఉండగా కాలితే యాంప్ ఏదో ఒక స్పీకర్ కేబుల్‌తోనో, ఒక వాల్యూమ్ స్థానంలోనో ఆసిలేట్ అవుతోంది. అది తేలేదాకా స్పీకర్ బదులు 8 ఓంల డమ్మీ లోడు పెట్టి వెతకండి.

ఒక ఛానల్ ఎక్కువగా మోగుతోంది: ఆ ఛానల్ ఫీడ్‌బ్యాక్ జతలో గ్రౌండు వైపు రెసిస్టర్ ఒక కాలు లేపి కొలవండి. 1 కె బదులు 110 ఓంలు చూపితే ఆశ్చర్యపోనక్కరలేదు.

గ్రౌండు వైపు రెసిస్టర్ అతుకు ఊడితే గెయిన్ ఒకటికి పడిపోతుంది, ఆ ఛానల్ నెమ్మదిగా వినిపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ అతుకు ఊడితే ఔట్‌పుట్ ఏదో ఒక సరఫరా వోల్టేజీకి అంటుకుపోతుంది. ఔట్‌పుట్ కెపాసిటర్ లేని పవర్ యాంప్‌లో ఇదే జరిగితే స్పీకర్ కాయిల్ కాలుతుంది కనుక, అనుమానం ఉన్నంతకాలం ఔట్‌పుట్ డీసీని కొలిచిన తరువాతే స్పీకర్ వైరు బిగించండి.